చాటింపు వేసినవారే పండుగ చేస్తే

‘బిడ్డా, ఈ కాగితంల మా పేర్లు యాడున్నయి?’

నేను చదువుకున్న విశ్వవిద్యాలయంలో కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం నాకు ఎదురైన ప్రశ్న ఇది. విద్యార్థి కళాకారులమే చందాలు పోగుచేసి, ప్రదర్శనలు ఎంచుకొని, మూడు రోజుల కళోత్సవం తలపెట్టాం. దానికి పరిచయంగా ముందు ఒక సాయంత్రం కొన్ని ప్రదర్శనలు ఏర్పాటు చేశాం. ఒక మిత్రుడు గంటసేపు చీపురుతో మట్టి ఊడ్చి, ఊడ్చిన మట్టినే మళ్లీ చల్లుకుంటూ గడపదలిచాడు. ఒక మిత్రురాలు తన కుల ధ్రువీకరణ పత్రాన్ని గొంతు పూడుకుపోయేదాకా బిగ్గరగా చదవదలిచింది. పెర్ఫార్మెన్స్ ఆర్ట్‌లో కళాకారుని శరీరమే కళాకృతి. కులం రాసిపెట్టిన శరీరాలకు ఇంతకన్నా తగిన కళ లేదని మా నమ్మకం. అతిథులకు స్వాగతం పలికేందుకు సిద్దిపేట వైపు నుంచి ఐదుగురు డప్పు కళాకారులను పిలిచి, ద్వారం దగ్గర నిలబెట్టాం. వారిలో పెద్దాయన కరపత్రాన్ని నా చేత మొత్తం చదివించుకుని ఆ ప్రశ్న వేశాడు. కరపత్రంలో వారి పేర్లు లేవు.

అందరికన్నా ఎక్కువ సిగ్గుపడవలసినవాణ్ని నేనే. మా తాత ఊళ్లో చాటింపు వేసేవాడు. జాతర ముందురోజు సాయంత్రం వీధి వీధి తిరిగి, డప్పు మోగించి, రేపటి పండుగ కబురు చెప్పేవాడు. ఆ మాట అన్ని గడపలకూ చేరేది, ఆ మనిషి మాత్రం ఏ గడపా దాటకూడదు. పండుగనాడు అతని చోటు ఊరేగింపుకు ముందు, గుడికి దూరం. ఏడాది పొడవునా చేసిన చాకిరీకి కళ్లం దగ్గర కొలిచిపోసే మేరే జీతం. గోడ మీద అంబేడ్కర్ చిత్రపటం పెట్టుకున్న మేమూ మా ఊరు చేసిన పనే చేశాం. పండుగ మాది, చాటింపు వారిది.

ఈ ప్రశ్నకు పొరుగునే ఒక సమాధానం ఉంది. 2018 జనవరి 6న చెన్నైలోని కీల్పాక్‌లో ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ తొలి కచేరీ జరిగింది. సినీ దర్శకుడు పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రం అండతో, సంగీతకారుడు టెన్మా తీర్చిన 19 మంది బృందం అది. కులంలేని తమిళుల గురించి పందొమ్మిదో శతాబ్దంలోనే ఆలోచించిన అయోతి దాస పండితుని నుంచి ఆ పేరుకు ప్రేరణ లభించింది. ఉత్తర చెన్నై వాడల్లో చావు ఇళ్ల దగ్గర బతికిన గానా పాట, పఱై, ర్యాప్ ఒకే వేదిక ఎక్కాయి. కళాకారులు సూట్లు తొడుక్కుని నిలబడ్డారు. అంబేడ్కర్ ఎందుకు సూటు ధరించాడో తెలిసినవారికి అది వేషంగా కనిపించదు. రిజర్వేషన్ మీద, గొడ్డుమాంసం మీద, మలమూత్రాలు ఎత్తే పని మీద అక్కడ పాటలు పాడారు. అదే ఏడాది డిసెంబరు చివర ఆ కేంద్రమే ‘వానం’ కళోత్సవం జరిపింది. వెనుదిరిగి చూస్తే జనవరి సాయంత్రం డిసెంబరు పండుగకు చాటింపులా కనిపిస్తుంది. చాటింపు వేసినవారే పండుగనూ నిర్వహించడం అందులోని కొత్తదనం.

డిసెంబరు చెన్నైలో సభల కాలం. 1927 మద్రాసు కాంగ్రెస్ మహాసభల వెంట జరిగిన సంగీత సదస్సు నుంచి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఆ సభల్లో మన తెలుగు భాషకు పెద్దపీట ఉంది. త్యాగరాజ కీర్తన లేకుండా కచేరీ సాగడం అరుదు. తెలుగు మాటకు దక్కిన ఆ పీట తెలుగు డప్పుకు గానీ, తమిళ పఱైకి గానీ దక్కలేదు. 2020 డిసెంబరులో అదే కేంద్రం ‘మార్గళియిల్ మక్కళిసై’ పేరిట ప్రజల సంగీతాన్ని ఆ మాసంలోకే తీసుకువచ్చింది. సభల అనుమతి కోసం ఎదురుచూడకుండా సొంత వేదిక కట్టుకుంది.

అయితే డప్పును వేదిక ఎక్కించడమే విముక్తి కాదు. డప్పు కొట్టబోమని చెప్పడం కూడా దళిత ఉద్యమమే. 2024లో మెదక్ జిల్లాలోని ఒక గ్రామంలో, చావులకు డప్పు కొట్టబోమన్న దళిత కుటుంబాన్ని ఊరు వెలివేసింది. మరోవైపు దిండిగల్ ప్రాంతపు ‘శక్తి’ బృందంలో దళిత యువతులు అదే వాద్యాన్ని గర్వంగా మోగిస్తున్నారు. ఒకరు కర్ర కిందపడేశారు, మరొకరు చేతికెత్తుకున్నారు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. కొట్టాలా వద్దా అన్న నిర్ణయం డప్పు పట్టిన చేతిదే అయినప్పుడు ఆ చప్పుడు కళ అవుతుంది. కాదనే హక్కు లేని చోట ఎంత గొప్ప దరువైనా వెట్టే.

ఈ మాట తెలుగు నేలకు కొత్త కాదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగలు తమ ఉద్యమానికి ‘దండోరా’ అని పేరు పెట్టుకున్నప్పుడు, ఊరి కబురు మోసిన వాద్యం తొలిసారి తన కబురు తాను చెప్పుకుంది. ముప్పయ్యేళ్లకు, 2024 ఆగస్టు 1న, ఎస్సీల వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ధూం ధాం వేదికలపై డప్పు తెలంగాణ ఆకాంక్షను మోగించింది. రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథి ఏర్పడి 550 మంది కళాకారులకు కొలువులిచ్చింది. ఆకలితో పాడిన గొంతులకు నెలజీతం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేయలేను. కానీ ఆ కొలువులో ప్రధానమైన పని ప్రభుత్వ పథకాల ప్రచారం. మేర స్థానంలో జీతం వచ్చింది, కబురు మాత్రం మళ్లీ దొరదే.

కళాకారులే నడిపే పండుగ అని మనం గొప్పగా చెప్పుకునేది ఇక్కడే పరీక్షకు నిలుస్తుంది. కార్యక్రమాల జాబితా రాసేదెవరు? వచ్చిన డబ్బు పంచేదెవరు? ఇష్టంలేని పనికి ‘మేం రాం’ అనగలిగేదెవరు? చెన్నై ఉత్సవం వెనుక పేరున్న దర్శకుని పలుకుబడి ఉంది. ఆ బలం లేని చోట, వందల రూపాయల చందాలతో సాగే మన విద్యార్థి ఉత్సవాలకు ఈ ప్రశ్నలు మరింత అవసరం. ఊడ్చే శరీరాన్ని కళగా ప్రదర్శించే మనకు, హాలును నిజంగా ఊడ్చినవారి పేరు తెలుసా?

ఆ సాయంత్రం పెద్దాయన ఎక్కువ మాట్లాడలేదు. ‘లోపల కొట్టుమంటే కొడ్తం. స్వాగతం మాత్రం కొట్టం’ అన్నాడు. ఐదుగురి పేర్లూ అడిగి, మిగిలిన కరపత్రాలన్నిటి మీదా చేత్తో రాశాం. గాయకులకు ఇస్తామన్న మొత్తమే వారికీ ఖాయం చేశాం. చీకటి పడ్డాక ఆవరణలో గడ్డి మంటపై డప్పులు కాచుకుని, హాలు నడిమధ్యలో నలభై నిమిషాలు మోగించారు. మేం నేల మీద కూర్చుని విన్నాం.

అంతకుముందు అతిథులు ఒక్కొక్కరే వచ్చారు. ద్వారం దగ్గర ఏ చప్పుడూ లేదు.