ఎదురు పురి

గడ్డితో వెంటి పేనినవాళ్లకు తెలిసిన సంగతే. రెండు కొసలూ గట్టిగా పట్టుకుని పురి ఎక్కిస్తూ పోతే, ఒక హద్దు దాటాక తాడు తిన్నగా ఉండదు. తన మీద తనే మెలిపడి ముడుచుకుంటుంది. ఉన్న పురిని ఎదురు తిప్పి విప్పబోయినా అంతే, ఈసారి మెలి రెండో వైపుకు పడుతుంది. డీఎన్ఏ కూడా రెండు పేటల తాడే, పేటల్ని కలిపే సుమారు పదిన్నర మెట్లకు ఒక చుట్టు. ఆ పురి ఎంత ఉండాలో జీవకణం గాలికి వదిలేయలేదు. సరిచూసుకోవడానికి ప్రత్యేకంగా ఎంజైములను పెట్టుకుంది.

ఉంగరంలా ఉండే వైరస్ డీఎన్ఏ మెలిపడి ఉంటుందని 1965లో జెరోమ్ వినోగ్రాడ్ బృందం చూపింది. ఆ మెలిని సడలించే ఎంజైమును 1971లో జేమ్స్ వాంగ్ పట్టుకున్నాడు. 1976లో మార్టిన్ గెల్లర్ట్ బృందానికి గైరేజ్ దొరికింది. ఇది సడలించేది కాదు. శక్తి ఖర్చుపెట్టి మరీ డీఎన్ఏ పురిని తగ్గిస్తుంది. మామూలు బ్యాక్టీరియాలో నూరు చుట్లు ఉండాల్సిన చోట సుమారు ఆరు తక్కువ ఉంటాయి. పురి వదులుగా ఉంటే పేటలను విడదీసి చదవడం, నకలు తీయడం తేలిక. సిప్రోఫ్లాక్సాసిన్ మింగిన ప్రతివాడికీ ఈ గైరేజ్‌తో పరోక్షంగా పరిచయం ఉన్నట్టే, ఎందుకంటే ఆ మందు దెబ్బకొట్టేది దీన్నే. కొల్లేరు చుట్టూ చేపల చెరువులున్నవాళ్లు ఈ జాతి మందుల పేర్లు నిషేధిత జాబితాలో చూసే ఉంటారు.

ఇక వేడి సంగతి. అమెరికాలోని ఎల్లోస్టోన్ ఊటల్లో థామస్ బ్రాక్ బృందం 1972లో సల్ఫోలోబస్ అనే సూక్ష్మజీవిని వర్ణించింది. 75, 80 డిగ్రీల వేడిలో, యాసిడ్ లాంటి నీళ్లలో హాయిగా బతికే జీవి అది. మన రోళ్లు పగిలే ఎండ దానికి చలికాలం. పురి వదులైన డీఎన్ఏ అంత వేడిలో ఇట్టే విడిపోవాలి కదా? 1984లో జపాన్‌లో అకిహికో కికుచి, అసాయ్ ఆ జీవిలోనే గైరేజ్‌కు సరిగ్గా ఎదురు పనిచేసే ఎంజైమును కనుగొన్నారు. అది పురి తగ్గించదు, ఎక్కిస్తుంది. దానికి రివర్స్ గైరేజ్ అని పేరుపెట్టారు. కణానికి ఇంధనమైన ఏటీపీతో నడిచే ఇలాంటి ఎంజైమునే ఫ్రాన్స్‌లో ప్యాట్రిక్ ఫోర్టెర్ సహచరులు కూడా అదే ఏడాది, అదే జీవిలో చూశారు.

ఏటీపీ అనగానే మా అత్తిలి వాళ్లం కాస్త ఛాతీ విరుచుకోవచ్చు. మా ఊరి మీదుగా పోయే నిడదవోలు రైలు మార్గంలోనే భీమవరం ఉంది. 1895లో అక్కడ పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరాల్లోంచి ఏటీపీని వెలికితీశాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే పని చేశాడు. సుబ్బారావు అనగానే మనవాళ్లు ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందు అంటారు. నన్నడిగితే ఏటీపీయే పెద్దది. 1948లో ఆయన పోయేనాటికి డీఎన్ఏ రెండు పేటల తాడన్న సంగతే లోకానికి తెలియదు. ఆ తాడును పేనే యంత్రాలకు ఇంధనం మాత్రం అప్పటికే ఆయన చేతుల్లోంచి బయటికొచ్చేసింది.

రివర్స్ గైరేజ్ లోపల ఏముందో 1993లో ఫ్రెంచివాళ్లు చదివారు. ఒకే ప్రొటీనులో రెండు వేర్వేరు యంత్రాలు అతుక్కుని ఉన్నాయి. ఒక సగం హెలికేజ్ బాపతు. ఏటీపీని ఖర్చుచేసేది ఇదే. రెండో సగం టోపోఐసోమరేజ్. అది ఒక పేటను కోసి, ఆ కొసను తన ఒంటికే అంటించుకుని, రెండో పేటను ఆ సందులోంచి దాటించి, మళ్లీ అతుకుతుంది. ఒక దఫాకు ఒక చుట్టు ఎక్కుతుంది. విచిత్రమేమిటంటే, ఈ రెంటి జ్ఞాతులూ వేరే చోట్ల పేటలు విప్పడానికో, మెలి సడలించడానికో పనిచేసేవే. ఇక్కడ జతకట్టి పురి బిగిస్తున్నాయి.

80 డిగ్రీలు దాటి బతికే జీవుల జన్యువుల్ని మామూలు జీవుల జన్యువులతో పోల్చి చూసి, వేడివాళ్లకు మాత్రమే ప్రత్యేకమైన ప్రొటీను ఇదొక్కటేనని 2002లో ఫోర్టెర్ రాశాడు. కథ ఇక్కడితో ముగిస్తే అందంగా ఉండేది: వేడి డీఎన్ఏను విప్పుతుంది, ఈ యంత్రం బిగిస్తుంది. కానీ రెండు కొసలూ కట్టుబడ్డ డీఎన్ఏ 107 డిగ్రీల దాకా విడిపోదని 1994లోనే తేలింది. పైగా ఇటలీ తీరంలో దొరికిన థర్మోటోగా మారిటిమాలో గైరేజ్, రివర్స్ గైరేజ్ రెండూ ఉన్నాయి, అయినా దాని డీఎన్ఏ పురి మామూలు బ్యాక్టీరియాలాగే వదులు. 2004లో జపాన్‌వాళ్లు థర్మోకాకస్ కోడకరెన్సిస్ నుంచి ఈ జన్యువును తీసేసి చూశారు. జీవి చావలేదు. వేడి పెరిగేకొద్దీ ఎదుగుదల మందగించింది, 93 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. ఇది బతుకుకు మొదటి షరతు కాదు, అంచున నిలబడ్డప్పుడు ఊతం. అదే ఏడాది కాంప్‌మన్, స్టాక్ అనే పరిశోధకులు దీని ఇంకో పని బయటపెట్టారు: పేట తెగినచోట ఈ ఎంజైము డీఎన్ఏను కమ్ముకుని, 90 డిగ్రీల దగ్గర రెండు పేటలూ తెగిపోయే వేగాన్ని సుమారు ఎనిమిదో వంతుకు తగ్గిస్తుంది. దానికి పురితో పనే లేదు. పేరు తెచ్చిన పని కన్నా ఈ కాపలా పనే దాని అసలు కొలువేమోనని నాకనిపిస్తుంది.

తగువు ఇంకోచోట నడుస్తోంది. జీవులన్నిటికీ మూలమైన తొలి పూర్వీకుడి జన్యువుల్లో రివర్స్ గైరేజ్ కూడా ఉందని 2016లో జర్మనీలోని విలియం మార్టిన్ బృందం లెక్కగట్టింది. ఆ లెక్కన మన ముత్తాత వేడినీళ్లవాడు. ఫోర్టెర్ ఒప్పుకోలేదు. రెండు పాత యంత్రాలు అతికితేనే ఇది పుట్టింది కాబట్టి, ఆ రెండూ అంతకు ముందే ఉండి ఉండాలన్నది ఆయన పాత వాదం. 2019లో క్యాచ్‌పోల్ అనే పరిశోధకుడితో కలిసి ఈ ఎంజైము వంశవృక్షాన్ని మళ్లీ గీసి, ఇది ఆ పూర్వీకుడి తర్వాతే వచ్చిందని, అతను అంత వేడిలో బతికినవాడు కాడని రాశాడు.