ఉత్తమ పురుష కథాక్రీడలు: ఆటగాండ్ర అభిప్రాయభేదములు

సూరతు నగరమున రింగ్ రోడ్ వెంబడి వస్త్రవిపణులు నెలకొని యున్నవి. ఆ నగరపు వస్త్రపరిశ్రమ నాశ్రయించి తెలంగాణమునుండి వలస వెళ్లిన నేతకుటుంబములు అచట పెక్కు కలవు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను గూడ నడపినది. ఇట్టి బహుభాషా పరిసరమున వ్యాకరణ పరిభాష యొకటి చిక్కు కల్పించును. సంస్కృత సంప్రదాయము ననుసరించి తెలుగున ప్రథమ పురుష యనగా ‘వాడు’; ‘నేను’ ఉత్తమ పురుష. గుజరాతీ పాఠ్యవ్యాకరణమున ‘పహేలో పురుష్’ అనగా ‘హుఁ’, అనగా ‘నేను’. మరాఠీయందును ఇదియే క్రమము. కావున ఆంగ్లమున ‘ఫస్ట్ పర్సన్ షూటర్’ అని పిలువబడు వీడియో ఆటను తెలుగున ‘ప్రథమ పురుష’ యన్నచో అర్థము తలక్రిందులగును. దానిని ఉత్తమ పురుష క్రీడ యనవలెను.

ఇది కేవలము పేరునకు సంబంధించిన విషయము కాదు. కథాప్రధానములైన ఇట్టి ఆటలను గూర్చి ఆటగాండ్రు వెలిబుచ్చు అభిప్రాయములకు ‘ఈ పని చేసినది నేనా, వాడా?’ అను ప్రశ్నయే మూలముగా కనబడుచున్నది.

ఈ ఆటలందు తెరపై నాయకుని చేతులు, చేతనున్న తుపాకి మాత్రమే కానవచ్చును. ఆటగాడు నాయకుని కన్నులతోనే లోకమును చూచును. 1998లో వాల్వ్ సంస్థ వెలువరించిన ‘హాఫ్-లైఫ్’ ఈ దృష్టిని కథనమునకు వినియోగించిన వానిలో సుప్రసిద్ధము. అందు నాయకుడగు గార్డన్ ఫ్రీమన్ ఒక్క మాటయు పలుకడు. ఆ మౌనము వలన నాయకుని స్థానము తమదగుచున్నదని కొందరు మెచ్చుకొందురు. ఎవరెంత పలుకరించినను ఉలుకక పలుకక యుండువాడు మనిషివలె తోచడని మరికొందరు ఆక్షేపింతురు.

2007లో వచ్చిన ‘బయోషాక్’ ఈ వివాదమును తీవ్రము చేసినది. సముద్రగర్భ నగరమున సంచరించు నాయకుడు ఒక మర్యాదవాక్యమునకు వశుడై పరుని ఆజ్ఞలను నెరవేర్చుచుండెనని కథ నడుమ బయటపడును. ఆజ్ఞ పాలించిన చేయి ఆటగానిదే కావున, మోసపోయినది తానే యని అతనికి తోచుటలో వింత లేదు. అయితే ఆటల రూపకర్త క్లింట్ హాకింగ్ ఆ యేడే యొక ఆక్షేపణ వ్రాసెను. ఆట నియమములు స్వార్థమును ఎన్నుకొను స్వేచ్ఛ నిచ్చుచుండగా, కథ మాత్రము పరునికి తోడ్పడుటను తప్పనిసరి చేయుచున్నదనియు, ఈ రెంటికి పొత్తు కుదరలేదనియు అతని వాదము.

2009 నాటి ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2’ లోని విమానాశ్రయ ఘట్టము ఇంతకంటె కఠినమైనది. ఉగ్రవాదులలో మారువేషమున చేరిన గూఢచారియై ఆటగాడు నిరాయుధుల హత్యాకాండ నడుమ నడువవలెను. ముందుగా హెచ్చరించి, ఆ ఘట్టమును విడిచిపోవు వీలు కల్పించిరి. కాల్పక నడచుటకును వీలున్నది. కాని కాల్చినను కాల్పకున్నను ముగింపు ఒక్కటే. వధను, యుద్ధమును రంగమున ప్రత్యక్షముగా చూపరాదని ధనంజయుడు దశరూపకమున విధించెను. ఇచట వధను చూపుటయే కాక ప్రేక్షకుని చేతనే చేయింప జూచిరి. దుష్కార్యపు బరువు తెలియుటకు ఇదియే మార్గమని కొందరనిరి. ఫలితము మార్చలేని వానిపై పాపము మోపుట అన్యాయమని మరికొందరనిరి.

ఇట్టి వాదములను పరిశీలించుటకు తెలుగు క్రియ మంచి సాధనము. ‘తలుపు తీసితిని, గోడ దూకితిని, చచ్చితిని’ అని ఆటను వర్ణించువాడే, కథ తనకు నచ్చని చోట ‘వాడు కాల్చెను’ అని తప్పుకొనవచ్చును. ప్రత్యయము మారిన చోటనే ఆటకును కథకును నడుమ బీట కనబడును. కర్తను చెప్పకున్నను క్రియాంతమే పురుషను తెలుపుట తెలుగునకు గల సౌలభ్యము.

మరియొక సూక్ష్మము కలదు. తెలుగునందలి మేము, మనము అను భేదము గుజరాతీలోను ‘అమే’, ‘ఆపణే’ అను రూపములుగా నున్నది. ఆటగాడు తన్నును నాయకునిని కలిపి ‘మనము’ అనగలిగినచో ఆ కథ సఫలమైనదనవచ్చును. కావున సూరతువంటి చోట్ల ఆటగాండ్ర అభిప్రాయములను సేకరించువారు వారి వాక్యములను సంగ్రహింపక, క్రియారూపములతో సహా యథాతథముగా వ్రాసికొనవలెను. ‘ఆటగాడు కాల్చెను’ అని మనము తిరిగి వ్రాసినచో, ఆ కార్యమును అతడు తనదిగా నొప్పుకొనెనో లేదో తెలిపెడి సాక్ష్యము మన చేతనే చెరిగిపోవును.