మాట దక్కింది, వరుస దక్కలేదు

ఖమ్మం మైదానం ముగిసి అడవి మొదలయ్యే జూలూరుపాడు పరిసరాల నుంచి గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలం దాకా విస్తరించిన నేల మీద రెండు సంగీత సంప్రదాయాలు తరతరాలుగా పక్కపక్కనే సాగుతున్నాయి. వాటిలో ఒకటి రామదాసు కీర్తనలది, మరొకటి కోయల డోలి పాటలది. మొదటిదానికి అచ్చు పుస్తకాలు, కచేరీలు, భజన బృందాలు అండగా ఉండగా, రెండోదానికి కొద్దిమంది గాయకుల జ్ఞాపకశక్తే ఆధారం. అయినా సంగీత పరిశోధకుడి ముందు రెండూ పెట్టే ప్రశ్న ఒకటే: పాటలో కాగితం మీదికి ఎక్కేదెంత, ఎక్కకుండా మిగిలేదెంత?

రామదాసుగా పేరొందిన నేలకొండపల్లి వాసి కంచెర్ల గోపన్న, గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహశీల్దారుగా పనిచేసి, భద్రాద్రి రాముడి గుడి కోసం సర్కారు సొమ్ము ఖర్చుచేశాడన్న అభియోగం మీద చెరసాల పాలైన సంగతి తెలుగువారందరికీ తెలిసిందే. ఆయన కీర్తనల సాహిత్యం భజన గోష్ఠుల ద్వారా నిలిచింది గాని, ఆయన వాటిని ఏ వరుసలో పాడాడో చెప్పగల ఆనాటి స్వరలిపి లేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి విద్వాంసుల గళంలో 20వ శతాబ్దంలో ఇంటింటికీ చేరిన బాణీలు ఎంత మధురమైనవైనా, వాటిని 17వ శతాబ్దపు సంగీతానికి సాక్ష్యంగా చూపడం సంగీత చరిత్రకారుడికి సాధ్యం కాదు.

స్వరలిపి ఉంటే సమస్య తీరిపోతుందనుకోవడమూ తొందరపాటే. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి, మెలితిప్పి పలికే పద్ధతులకు, ప్రత్యేక చిహ్నాలు ఏర్పరిచారు. అంతటి శ్రమతో రాసిన గ్రంథమైనా, ఆ బాణీ చెవిన పడ్డ శిష్యుడికే పూర్తిగా పలుకుతుంది. పాడవలసిన తీరును సూచించే లిపి వేరు, పాడిన తీరును ఉన్నదున్నట్టు నమోదు చేసే లిపి వేరు అని అమెరికన్ పండితుడు చార్లెస్ సీగర్ 1958లో విడమరచి చెప్పాడు. మన పుస్తకాల్లోని స్వరలిపి దాదాపు అంతా మొదటి కోవకు చెందినదే.

డోలి పాట దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఇంకా పెరుగుతుంది. కోయ గోత్రాల పుట్టుపూర్వోత్తరాలను, ఇలవేల్పుల కథలను, సమ్మక్క సారలమ్మల వీరగాథను వంశపారంపర్యంగా పాడేవారిని డోలి కోయలంటారు. వేల్పుల బొమ్మలున్న త్రికోణపు గుడ్డ జెండా, అంటే పడిగె, ఆ కథలకు దృశ్యరూపం. కాబట్టి పడిగెను, వాద్యాన్ని, కొలుపు జరిగే సందర్భాన్ని విడదీసి పాటను మాత్రమే రాసుకుంటే మిగిలేది కథా సారాంశమే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కంచుమేళం, కంచుతాళం వాయిస్తూ ఈ గాథలను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించగా, 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు డోలి కథలను, పడిగెలను, ఆదివాసీ వాద్యాలను సేకరించడం వల్లనే ఈ సంపదలో కొంతైనా బయటి లోకానికి తెలిసింది.

ఇటువంటి గాథకు ‘అసలు ప్రతి’ ఏది అని వెతకడంలో అర్థం లేదు. యుగోస్లావియా పల్లె గాయకుల మధ్య మిల్‌మన్ ప్యారీతో కలిసి పనిచేసిన ఆల్బర్ట్ లార్డ్ 1960లో ప్రచురించిన గ్రంథంలో, మౌఖిక గాయకుడు కంఠస్థం చేసినదాన్ని ఒప్పజెప్పడని, వాడుకలో ఉన్న పదబంధాలతో పాడుతున్నప్పుడే కథను కూర్చుకుంటాడని నిరూపించాడు. ఆ లెక్కన రెండు కొలుపుల్లో పాడిన ఒకే గాథ రెండు నిడివుల్లో వినిపించినా, అందులో ఏదీ తప్పు ప్రతి కాదు.

సంగీతాన్ని దాన్ని పాడుకునే సమాజంతో కలిపి చదివే ఈ శాస్త్రానికి ఎథ్నోమ్యూజికాలజీ అన్న పేరును 1950లో డచ్చి పండితుడు యాప్ కున్స్ట్ ప్రచారంలోకి తెచ్చాడు. అంతకు చాలా ముందే, 1885లో, అలెగ్జాండర్ ఎల్లిస్ స్థాయిని 1200 సెంట్లుగా విభజించి పలు దేశాల స్వరాలను కొలిచి, ప్రపంచమంతటికీ సహజమైన స్వరశ్రేణి అంటూ ఒకటి లేదని తేల్చాడు. ఆదివాసీ పాట వినగానే ఇది మోహన, అది మధ్యమావతి అని పేరు పెట్టే మన అలవాటుకు ఆ కొలత మంచి విరుగుడు. హార్మోనియం మెట్ల మధ్య పడే స్వరానికి రాగం పేరు తగిలిస్తే ఆ స్వరం ప్రత్యేకత అక్కడే చెరిగిపోతుంది.

తెలుగులో జానపద పరిశోధనకు 1950ల నాటి బిరుదురాజు రామరాజు సిద్ధాంత గ్రంథం గట్టి పునాది వేసింది. దాని విషయమే ‘గేయ సాహిత్యం’ కావడం యాదృచ్ఛికం కాదు. ఆ తరువాతి కృషిలోనూ మాటకు దక్కిన శ్రద్ధ వరుసకు దక్కలేదు. సాహిత్య శాఖల్లో పుట్టిన విద్య కావడం అందుకు ఒక కారణం కాగా, మోసుకెళ్లగల రికార్డింగు యంత్రం చాలాకాలం అపురూపంగా ఉండటం మరొకటి. అయితే ఈ కృషికి తోడ్పడగల సంస్థలు లేకపోలేదు. వరంగల్లులో తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. 1982లో సంగీత పరిశోధకుడు నజీర్ జైరాజ్‌భాయ్ చొరవతో ఏర్పడిన ఎథ్నోమ్యూజికాలజీ భాండాగారం నేడు గురుగ్రామ్‌లో పనిచేస్తోంది.

యంత్రం కొరత ఇప్పుడు లేదు. కొలుపులో, జాతరలో, పెళ్లిలో ప్రతి చేతిలోనూ ఫోను ఉంటోంది. రికార్డు చేసేవారు పాటను మధ్యలో ఆపకుండా మొదటినుంచి చివరిదాకా తీసుకుని, గాయకుడి అనుమతితో పేరు, గోత్రం, ఊరు, తేదీ, సందర్భం, వాద్యం వివరాలను దానికి జతపరచి, ఒక ప్రతిని ఆ కుటుంబానికే ముందుగా అందజేయాలి.