విడువని విమర్శ: నెహెమ్యా 5, 6 అధ్యాయములు – బందరు అనుభవము

ఒక్కసారి వచ్చిపోయే విమర్శను ఏ కాపరియైనా ఓర్చుకొంటాడు. అదే మాట ప్రతి కమిటీలోను, ప్రతి పండుగ ముందును తిరిగి వస్తేనే చిక్కు. అప్పుడు మనము సాధారణంగా నెహెమ్యా 6వ అధ్యాయము తెరుస్తాము. ఓనో మైదానమునకు రమ్మని శత్రువులు నాలుగు మారులు కబురు చేయగా, నెహెమ్యా నాలుగు మారులు ఒకే జవాబు పంపి గోడ పనిలో ఉండిపోయాడు. ఐదవ మారు అపనింద వ్రాసిన పత్రిక వచ్చినప్పుడు అది కల్పితమని ఒక్క మాటలో చెప్పి, బలముకొరకు ప్రార్థించి, పని సాగించాడు. పాఠము మంచిదే. కాని మన సంఘాలలో అది అరిగిపోయింది. కానుకల లెక్క అడిగిన ప్రతివాడు సన్బల్లటే అవుతున్నాడు.

దానికి ముందున్న 5వ అధ్యాయమును మనము అంతగా బోధించము. అక్కడ మొరపెట్టినవారు స్వజనులు. క్షామములో పొలాలు, ఇండ్లు కుదువపెట్టి, పిల్లలను దాస్యమునకు అప్పగించినవారు. నెహెమ్యాకు కోపము వచ్చింది గాని అది వారిమీద కాదు. ప్రధానులను గద్దించాడు, తానును తన బంధువులును అప్పిచ్చినవారిలో ఉన్నామని ఒప్పుకొన్నాడు. గోడ పని పాడవుతుంది, ఇప్పుడు వద్దు అనలేదు.

ఈ రెండు అధ్యాయములు మన కృష్ణా తీరములో ఒకే మనిషి జీవితములో ఎదురుపడ్డాయి. రాబర్ట్ నోబుల్ 1841లో వచ్చి, 1843లో బందరులో పాఠశాల తెరిచాడు. 1852లో రత్నము అనే బ్రాహ్మణ యువకుడు, భూషణము అనే వెలమ యువకుడు బాప్తిస్మము పొందారు. ఊరు మండిపడింది, పాఠశాల ఖాళీ అయింది. నోబుల్ వాదులాటకు దిగలేదు, బాప్తిస్మమును దాచనూ లేదు. మిగిలిన కొద్దిమందికే పాఠము చెప్పుకొంటూ కూర్చున్నాడు. పిల్లలు మరల వచ్చారు. స్వదేశమునకు తిరిగి వెళ్లకుండానే 1865లో బందరులోనే కన్నుమూశాడు. ఇది 6వ అధ్యాయపు ఓర్పు.

అయితే ఆ పాఠశాలలో మాల, మాదిగ పిల్లలకు చోటు లేదు. అగ్రవర్ణాలవారు వెళ్లిపోతే వారికి సువార్త వినిపించేదెవరు, సంఘములో మాత్రము కులమునకు తావులేదు గదా అన్నది ఆయన వాదన. తోటి మిషనరీలలోనే దీనికి అభ్యంతరాలు లేచాయి. 1859లో రాఘవాపురము నుండి పగోలు వెంకయ్య బెజవాడకు వచ్చి డార్లింగ్ దొరగారిని కలిసినప్పటి నుండి ఆ ప్రశ్న ఇంకా బరువెక్కింది. క్రీస్తును వెదకుకొంటూ నడిచి వచ్చిన మాలలకు తలుపు తెరిచిన మిషను, బందరులో వారి పిల్లలకు తలుపు మూసింది. నోబుల్ త్యాగమును తక్కువ చేయను. కాని ఇక్కడ ఆయన 5వ అధ్యాయపు మొరకు 6వ అధ్యాయపు జవాబు ఇచ్చాడని నా అభిప్రాయము.

మరి ఏది ఏదో గుర్తించుట ఎట్లు? ఎన్నిసార్లు అన్నారన్నది కొలత కాదు, ఎంత దురుసుగా అన్నారన్నదీ కాదు. ఆ మాట నిజమైతే నష్టపోతున్నది ఎవరు అని అడగాలి. నెహెమ్యా మైదానమునకు దిగి రానందువలన సన్బల్లటు ఇంట ఎవరూ పస్తుండలేదు. 5వ అధ్యాయములో పిల్లలు పోతున్నారు.

ఇంకొక చిక్కు ఉన్నది, విద్యార్థులు దీనిని గమనించాలి. శత్రువు నోట కూడా నిజము రావచ్చు. బియ్యము కోసము మతము మార్చుకొన్నారని మనలను అనేవారే, మీలో కులము లేదా అనికూడ అడుగుతారు. మొదటిదానికి ఒకసారి నెమ్మదిగా జవాబు చెప్పి పనిలోకి వెళ్లవచ్చు. రెండవదానికి, మాలపల్లెలో ఒక మందిరము, మాదిగపల్లెలో ఇంకొక మందిరము ఉన్న ఊళ్లో కాపరి ఏమి చెప్పగలడు? అక్కడ క్షమాభిక్షణ శాస్త్రము కన్న, రెండు సంఘాల పెద్దలను ఒక ఆదివారము ఒకే బల్లయొద్దకు పిలుచుట ముందు జరగవలసిన పని. నెహెమ్యా కూడా మాటతో సరిపెట్టలేదు; యాజకులను పిలిపించి, అందరి యెదుట ప్రధానులచేత ప్రమాణము చేయించాడు.