ఇష్టపడి రావాలట

మా అక్క కూతురు ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. దసరా సెలవులకు అనంతపురం వచ్చినప్పుడు సంచిలోంచి ఓ లావుపాటి ఇంగ్లిషు నవల తీసి నా ఒళ్లో పెట్టింది. "మొదటి భాగం చదివినావు కదా చిన్నమ్మా, ఇది దానికన్నా బాగుంటాది" అంది. రే కార్సన్ అనే అమెరికన్ రచయిత్రి రాసిన 'ది క్రౌన్ ఆఫ్ ఎంబర్స్'. 2011లో వచ్చిన 'ది గర్ల్ ఆఫ్ ఫైర్ అండ్ థార్న్స్'కు తరవాయి కథ ఇది. 2012లో వచ్చింది. ఆ మరుసటేడు 'ది బిట్టర్ కింగ్‌డమ్'తో కథ ముగిసింది. టీనేజి పిల్లల కోసం రాసే ఇలాంటి నవలల్ని యంగ్ అడల్ట్ ఫాంటసీ అంటారు. పిల్లల పుస్తకమే కదా అని పడుకునే ముందు తెరిచాను. పాలవాడు వచ్చేవరకూ మూయలేదు.

ముందు కథ కొంచెం చెప్పాలి. ఎలీసా చిన్న రాకుమారి. పదహారేళ్లు. ఒళ్లు చేసిన పిల్ల. భయమేసినా దిగులేసినా కాళ్లు వంటింటి వైపే లాగుతాయి. ఆమె బొడ్డులో ఒక నీలమణి ఉంది. నామకరణం నాడు దైవమే పొదిగిందని నమ్మకం. నూరేళ్లకు ఒక్కరికే అలా జరుగుతుంది. ప్రార్థన చేస్తే ఆ మణి వెచ్చబడుతుంది, ముప్పు దగ్గరపడితే మంచుగడ్డలా చల్లబడుతుంది. మణి ఉన్నవాళ్లు లోకానికి ఏదో గొప్ప సేవ చేయాలి. ఏమిటా సేవ? ఎవరూ చెప్పరు. అంతకు ముందు మణి ధరించినవాళ్లలో చాలామంది అది పూర్తిచేయకుండానే, చిన్న వయసులోనే పోయారు. ఆ సంగతి రాసి ఉన్న గ్రంథాలను కూడా ఎలీసా కంటపడనీయకుండా పెంచారు ఇంట్లోవాళ్లు. తెలియకపోవడమే ఆమెకు మంచిదని వాళ్ల విశ్వాసం. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

మొదటి భాగంలో నాకు నచ్చని సంగతి ఒకటుంది. ఎడారిలో నడిచి నడిచి ఎలీసా సన్నబడుతుంది. లావుగా ఉన్న పిల్లను కథానాయికగా నిలబెట్టి, మళ్లీ ఆ ఒళ్లు తగ్గించడం దేనికి? మా పిల్లా ఇదే అడిగింది. దానికీ కొంచెం ఒళ్లుంది.

రెండో భాగం మొదలయ్యేసరికి ఎలీసా జోయా ద అరేనా అనే ఎడారి రాజ్యానికి రాణి. యుద్ధం గెలిచింది, కానీ భర్త పోయాడు. పదిహేడో పుట్టినరోజు ఊరేగింపు జరుగుతుంటే శత్రుదేశమైన ఇన్వియెర్నె మాంత్రికుడొకడు జనం మధ్య పైకి లేచి నిలబడతాడు. రాణిని తమకు అప్పగించాలంటాడు. ఆ మాట చెప్పి, అందరూ చూస్తుండగా తనను తానే కాల్చుకుంటాడు. పండక్కి వచ్చిన జనం, చేతుల్లో పిల్లలు, మధ్యలో ఆ మంట. ఇన్వియెర్నో అంటే స్పానిష్‌లో చలికాలం. చలికాలం పేరు పెట్టుకున్న దేశం నిప్పుతో మాట్లాడుతుంది.

వాళ్లకు ఎలీసా శవం అక్కర్లేదు. ఎత్తుకుపోయినా పనికిరాదు. తనంతట తాను, ఇష్టపడి బలికి రావాలి. అందుకే ఆమెను కాకుండా ఆమె చుట్టూ ఉన్నవాటిని పట్టి లాగుతారు. ఇంట్లో పోరు ఇంకోవైపు. అయిదుగురు ప్రభువుల మండలి ఆమె పెళ్లిని బేరం పెడుతుంది. ఫలానావాడిని చేసుకుంటే ఉత్తరం వైపు దన్ను, ఇంకొకడిని చేసుకుంటే దక్షిణం వైపు దన్ను. ఆమె మనసేమో తన అంగరక్షక దళాధిపతి హెక్టర్ మీద. కోటలోనే హత్యాప్రయత్నాలు. ఇన్ని చేతులు తలా ఒకవైపు లాగుతుంటే 'ఇష్టపడి' అన్న మాటకు అర్థమేముంటుంది?

ఎలీసా చేసిన పని నాకు బాగా నచ్చింది. రాను అనలేదు, వస్తాననీ అనలేదు. ముందు తెలుసుకుంటానంది. తన రాజధాని కిందే దాక్కుని బతుకుతున్న స్టార్మ్ అనే ఇన్వియెర్నె మనిషిని పట్టుకుని, వాళ్లకు తనెందుకు కావాలో అడుగుతుంది. మణికి శక్తి ఎక్కడినుంచి వస్తుందో వెతుక్కుంటూ ఓడెక్కుతుంది. ఆ తర్వాత ఏమైందో చెప్పి చదవబోయేవాళ్ల సరదా పాడుచేయను.

చదువుతున్నంతసేపూ నాకు ముసలమ్మే గుర్తొచ్చింది. మా ఊరి పక్కనే బుక్కరాయసముద్రం చెరువు. వానకు కట్ట తెగబోతే, ముసలమ్మను బలిస్తేనే నిలుస్తుందని ఆకాశవాణి పలికిందనీ, ఆమె తనంతట తానే గండిలోకి నడిచి వెళ్లిందనీ చెప్పుకుంటారు. పేరుకే ముసలమ్మ, నిజానికి పడుచుపిల్ల, ఒక ఇంటి కోడలు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' ఆమె మీద రాసిన కావ్యమే. టీచరుగా ఆ కథ ఎన్ని క్లాసుల్లో చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ చివర్లో గొంతు పట్టేసేది. ఇప్పటికీ ఆ తల్లికి చేతులెత్తి మొక్కుతాను.

మర్నాడు సాయంత్రం పిల్లను చెరువుకట్ట మీదికి తీసుకెళ్లాను. పసుపూ కుంకుమా పెట్టి దండం పెట్టుకున్నాం. అది నీళ్ల వైపు చూస్తూ, "ఆయమ్మ మొగుడు గానీ, మామ గానీ నేను పోతానని అనలేదా చిన్నమ్మా?" అనింది.

"వాణి అడిగింది ఆమెనే కదమ్మా" అన్నాను.

"ఎందుకు ఆమెనే అని ఆ వాణిని ఎవరూ అడగలేదా?"

ఆ ప్రశ్న నా క్లాసులో ఒక్కరూ అడగలేదు. నాకూ తట్టలేదు. దాని భుజం మీద చెయ్యేసి, మూడో భాగం కూడా తెచ్చిందేమో కనుక్కున్నాను.