సముద్రపు నాచునకు ఇంటిపేరు మారిన వృత్తాంతము

సముద్రపు నాచునుండి తీసిన ద్రవమును పైరులపై చల్లుట మన సభ్యులలో పలువురు ఎఱిగినదే. కాని సీసాపై చీటీలో నాచునకు వ్రాసిన శాస్త్రీయనామమును చదువువారు అరుదు. ఒకే నాచునకు ఒక చీటీమీద లామినేరియా సాకరైనా అనియు, వేఱొకదానిమీద సాకరైనా లాటిస్సిమా అనియు ఉండవచ్చును. ఇవి రెండు సరకులని తలచి, ఒకదానికి ఎక్కువ వెల యిచ్చుటకు అవకాశము గలదు. కావున ఈ పేర్ల సంగతి విన్నవించుచున్నాము.

శాస్త్రజ్ఞులు ప్రతి జీవికిని రెండు మాటల పేరు పెట్టుదురు. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. మనకు ఇంటిపేరు ముందును, సొంతపేరు వెనుకను వచ్చునట్లే యిదియును. స్వీడను దేశపు లిన్నేయసు 1753లో ప్రకటించిన గ్రంథమున మొక్కలన్నిటికిని ఈ పద్ధతిని వర్తింపజేసెను. ఆ గ్రంథముననే మన నాచునకు రెండు పేర్లు పడినవి. ఎండిన రేకుపై తియ్యని తెల్లపొడి పేరుకొనును గనుక ఒకచోట ఫ్యూకసు సాకరైనసు, అనగా చక్కెర నాచు, అనెను. మఱియొకచోట అల్వా లాటిస్సిమా, అనగా మిక్కిలి వెడల్పైనది, అనెను. రెండును ఒకటే యని తరువాతివారు తేల్చిరి.

1809లో ఇంగ్లండువాడగు స్టాక్‌హౌసు సాకరైనా యను ప్రజాతిని ఏర్పఱచెను. 1813లో ఫ్రెంచి పండితుడగు లామురూ లామినేరియా యను ప్రజాతిని కల్పించెను. లామినా యనగా పలుచని రేకు. ఈ రెండవ పేరే వాడుకలో నిలిచి, మొదటిది మూలబడెను. రేకును, కాడను, ఱాతిని పట్టుకొను వేరువంటి భాగమును చూచియే విభజించు కాలమది. ఆ వేరు ఱాతిని పట్టుటకే గాని సారము పీల్చుటకు గాదు.

2006లో కెనడాలోని లేను, సాండర్సు మొదలగు పరిశోధకులు జన్యువులను పోల్చి చూచిరి. లామినేరియా యను నొక్క యింట రెండు వంశములు కాపురము చేయుచున్నట్లు బయటపడెను. వ్రేళ్లవలె చీలిన రేకు గల డిజిటేటా మొదలగునవి పాత యింటనే యుండెను. చక్కెర నాచును, జపానువారు కొంబు అని తినునట్టియు చైనావారు విరివిగా పెంచునట్టియు జపోనికాయును వేఱు వంశమువని తేలెను. వీనికి స్టాక్‌హౌసు పెట్టిన పాత పేరునే మరల ఎత్తిరి. ఐతే చక్కెర నాచును సాకరైనా సాకరైనా అనరాదు. వృక్షనామముల నిబంధనలలో ఇంటిపేరును సొంతపేరును ఒకటి కాగూడదు. అందుచేత లిన్నేయసు పెట్టిన రెండవ మాట, లాటిస్సిమా, దానికి దక్కెను.

ఇట్టి మార్పులు మనకు క్రొత్త గావు. పచ్చిరొట్టకు మనము కోయు కానుగయే పుస్తకములలో పొంగామియా గ్లాబ్రా, పొంగామియా పిన్నేటా, మిల్లెటియా పిన్నేటా అని పేర్లు మార్చుకొనెను. చెట్టు మాత్రము చేనిగట్టుననే యున్నది.

ఇక గోధుమవన్నె నాచులన్నియు కెల్పులు గావు. కెల్పులు లామినేరియేలీసు అను క్రమమునకు చెందినవై చల్లని సముద్రములలో పెరుగును. మన తీరపు వెచ్చని నీటిలో పెరుగవు. మన తీరమున దొరకు సర్గాసమును, చల్లని అట్లాంటికు తీరములనుండి వచ్చు ఆస్కోఫిల్లమును గోధుమవన్నెవే యైనను ఫ్యూకేలీసు అను వేఱు క్రమమునకు చెందినవి. అంగడివాడు అన్నిటిని కెల్పు అనుటను మేము ఒప్పుకొనజాలము.

1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తరువునందు 2021లో జీవ ఉత్ప్రేరకములను, వానిలో సముద్రపు నాచు సారములను చేర్చిరి. సభ్యులు సీసా కొనునపుడు ఏ నాచో పూర్తి పేరు అడుగవలెను. లామినేరియా సాకరైనా యన్నను, సాకరైనా లాటిస్సిమా యన్నను నాచు ఒక్కటే గనుక పేరు క్రొత్తదని వెల పెంచినచో ఇయ్యనక్కఱలేదు. చీటీపై కెల్పు అని మాత్రమే యుండి మఱేమియు లేనిచో, ఏ నాచో వ్రాయించి తెచ్చువఱకు రొక్కము చెల్లింపకుడు.