శబ్దమును హరించు వస్తువులు

శూన్యమైన పెద్దగదిలో మాటలాడినచో మన కంఠధ్వని గోడలను తాకి మరలి వచ్చి మ్రోగుచుండును. అదే గదిలో తెరలు కట్టి, కంబళ్లు పఱచినచో మ్రోత తగ్గి మాట స్పష్టమగును. ఏ వస్తువు ఎంత శబ్దమును హరించునో కొలుచుట యెట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము కనుగొన్నవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించిన వాలెస్ క్లెమెంట్ సబైన్. 1895లో అచ్చటి ఫాగ్ కళాప్రదర్శనశాలలోని ఉపన్యాసమందిరము నిరుపయోగమై యుండెను. అందు పలికిన మాట సుమారు 5½ సెకండ్లు మ్రోగుచుండెడిది. మొదటిమాట అణగకమున్నే తరువాతి మాటలు దానితో కలిసిపోవుటచే విద్యార్థులకు పాఠము తెలియకుండెను. ఈ లోపమును సవరింపుమని అధికారులు సబైనును కోరిరి. అప్పటికి ఆయన వయస్సు 27 ఏండ్లు.

ఆయన సాధనములు స్వల్పములు: ఒక ఆర్గాను గొట్టము, కాలమును గుర్తించు యంత్రము, తన చెవి. సద్దుమణిగిన రాత్రివేళ గొట్టమును మ్రోగించి, ఆపి, ధ్వని వినబడకపోవు వఱకు పట్టిన కాలమును గుర్తించెడివాడు. పిదప సమీపపు నాటకశాలనుండి ఆసనముల మెత్తలు తెప్పించి, పఱపించి, మరల కొలిచెడివాడు. మెత్తలు హెచ్చినకొలది కాలము తగ్గెను. తెఱచిన కిటికీ గుండ వెడలిన ధ్వని తిరిగిరాదు గనుక ఆయన దానినే ప్రమాణముగా గ్రహించెను. రెండు చదరపు మీటర్ల వస్తువు ఒక చదరపు మీటరు కిటికీకి సమానముగా పనిచేసినచో, ఆ వస్తువు తనపై పడిన ధ్వనిలో సగమును హరించునన్నమాట. తన దుస్తులు సైతము ధ్వనిని హరించుచున్నవని తెలిసినపుడు ఆయన పూర్వపు కొలతలను విడనాడి, అప్పటినుండి ఒకేవిధమైన దుస్తులతో ప్రయోగములు సాగించెను.

అయితే వస్తువులు అన్ని ధ్వనులను సమానముగా హరింపవు. మెత్తని వస్తువు రంధ్రములలో కదలు గాలి పోగులతో రాచుకొనగా శబ్దశక్తి వేడిమిగా మారును. గోడకు అంటినచోట గాలికదలిక అత్యల్పము. తరంగదైర్ఘ్యములో నాల్గవవంతు దూరమున అది అధికము. సెకండుకు 4,000 కంపనములు గల తారధ్వనికి ఆ దూరము సుమారు 2 సెంటీమీటర్లే. 100 కంపనముల మంద్రధ్వనికి సుమారు 85 సెంటీమీటర్లు. కావున గోడకు అంటించిన 2 సెంటీమీటర్ల ఉన్నిపొర కీచుధ్వనిని చక్కగా హరించును; మంద్రధ్వనిని మాత్రము చాలవఱకు మరల్చివేయును. అందుచేతనే నేటి ప్రయోగశాలలలో 100 మొదలు 5,000 కంపనముల వఱకు వేర్వేరు స్థాయిలలో వస్తువులను పరీక్షింతురు.

ఉన్నిపొరలు అమర్చిన పిమ్మట ఫాగ్ మందిరమున పాఠములు వినవచ్చెను. సబైను సూత్రము ననుసరించి నిర్మింపబడిన బోస్టను నగరపు సింఫనీ హాలు 1900లో తెఱువబడెను. ధ్వనిని హరించు శక్తిని కొలుచు ప్రమాణమునకు ఆయన పేరిట ‘సబైన్’ అను పేరే కలిగినది.